అమ్మ పుట్టి ఎక్కిన రోజు

నా భార్య జ్వరంతో చనిపోయిన ఏడు కార్తీకంలో అమ్మ నన్ను మంత్రాలయం తీసుకుపోయింది. చూసేవాళ్లకు మాత్రం నేనే ఆమెను తీసుకుపోతున్నట్టు కనిపించింది. అమ్మకు అప్పటికే డెబ్బై దాటి ఉంటాయి. మోకాళ్లు సరిగా వంగేవి కావు. ఎమ్మిగనూరులో మా వీధి నుంచి బస్సు ఆగే చోటి వరకూ నా భుజం పట్టుకుని నడిచింది. దారిలో పలకరించిన వాళ్లతో, "స్వామి దర్శనానికి పోతాండాం. వద్దంటే మావాడు ఇనల్యా" అని చెప్పింది. అది అబద్ధం.

ఆ రోజుల్లో ఎవరేమన్నా నాకు ఏమీ అనిపించేది కాదు. నా భార్య పోయిన నాడు కూడా నేను ఏడవలేదు. కట్టెలు తెమ్మంటే తెచ్చాను. స్నానం చేయమంటే చేశాను. కర్మలు అయిపోయాక మగ్గం గుంటలో కాళ్లు పెట్టి కూర్చుని మళ్లీ నేయడం మొదలుపెట్టాను. చీరలో ఒక్క పోగు తప్పలేదు. వీధిలో వాళ్లు, "మగోడంటే ఇట్లుండల్ల" అని మెచ్చుకున్నారు. అమ్మ మెచ్చుకోలేదు. గడప దగ్గర కూర్చుని నన్ను చూస్తూ ఉండేది.

దర్శనం అయ్యాక మూటలోని రొట్టెలు తింటామనుకున్నాను. అమ్మ నది వైపు నడిచింది. ఒడ్డున ఒక పుట్టి, వెదురుతో అల్లిన గుండ్రటి పడవ, ఉంది; దాన్ని నడిపే అతను తెడ్డు పట్టుకుని నిలబడి ఉన్నాడు. యాత్రికులను సరదాగా కొంత దూరం తిప్పి తీసుకొచ్చేవాడు.

"ఎక్కుదాం పా" అంది అమ్మ.

"యాడికి మా?"

"యాడికీ ల్యా. ఊరికే, నది సూసొద్దాం."

ఆమె జన్మలో పుట్టి ఎక్కి ఎరుగదు. నీళ్లంటే భయం కూడా. "అవతలి గట్టుకా అవ్వా?" అని పుట్టి అతను అడిగాడు.

"గట్టు వద్దప్పా. నడుమకు తీస్కపోయి ఆడ నిలుపు."

"నీళ్ల మీద ఎట్ల నిలుస్తాదవ్వా?"

"అయితే మెల్లగ పోనీ."

ఇద్దరం చెరో రెక్క పట్టుకుని ఆమెను లోపల కూర్చోబెట్టాం. అమ్మ కాళ్లు చాచి, వెదురు అంచును రెండు చేతులా పట్టుకుంది. పుట్టి ఊగుతూ కదిలింది. వానలు వెనకబట్టి నీళ్లు తేటపడ్డాయి. బండల మీద కొంగలు నిలబడి ఉన్నాయి. నది అందంగా ఉండి ఉంటుంది. నేను చూశానంతే.

నడుమకు చేరాక అమ్మ పుట్టి అతనితో, "నాయనా, నువ్వు కొంచెం ఆపక్క తిరుక్కో" అంది. అతను వింతగా చూసి, అటు తిరిగాడు. అమ్మ నా మోకాలి మీద చెయ్యి వేసింది.

"మన ఈదిలో గోడకు గోడ ఆనుకోని ఉండాది. దగ్గినా ఇంటారు. ఈడ ఎవురూ ఇనరు. ఏడ్సప్పా."

ఇందుకా ఇంత దూరం తెచ్చింది! నేను నిజంగానే ప్రయత్నించాను. నా భార్య ముఖం గుర్తు చేసుకోబోయాను. రాట్నం ముందు కూర్చుని నూలు కండెలు చుట్టే చేతులు కనబడ్డాయి, ముఖం రాలేదు. గొంతులోకీ ఏమీ రాలేదు.

"రాల్యా మా" అన్నాను.

"రాకుంటే పోనీలే" అంది.

అంటూనే తాను ఏడ్చింది. "నా తల దువ్వేది గదరా ఆ బిడ్డ! కాళ్లు పట్టేది గదరా!" అంటూ గుండెలు బాదుకుంటూ, పుట్టి ఊగేంతగా ఏడ్చింది. ఇంట్లో నా ఎదుట ఆమె ఒక్కసారీ కన్నీరు పెట్టలేదని అప్పుడు తట్టింది. పుట్టి అతను వెనక్కి తిరగకుండా, చప్పుడు కాకుండా తెడ్డు వేస్తున్నాడు. పుట్టి అడుగున ఊరిన నీళ్లలో అమ్మ చీర కుచ్చెళ్లు తడుస్తున్నాయి. వాటిని తీసి ఆమె ఒళ్లో పెట్టాను. నాకు చేతనైంది అదే.

కాసేపటికి ఏడుపు దానంతటదే ఆగింది. అమ్మ నదిలో చెయ్యి ముంచి ముఖం కడుక్కుంది. కొంగుతో తుడుచుకుని, "నాయనా, దీన్ని గిరగిరా తిప్పుతారంట గదా. తిప్పు, సూద్దాం" అంది.

అతను నవ్వి తిప్పాడు. గుడి, బండలు, అవతలి గట్టు మా చుట్టూ తిరిగాయి. అమ్మ కళ్లు గట్టిగా మూసుకుని, బోసినోటితో పకపకా నవ్వింది. పడిపోతుందేమోనని నేను ఆమె నడుము పట్టుకున్నాను. "సాలప్పా, సాలు" అంటూనే ఇంకోసారి తిప్పించుకుంది.

ఒడ్డున రొట్టెలు ఆకలిగా తింది. తిరుగు బస్సులో పక్కనున్న ఆవిడకు, "నది నడుమదాకా పోయొచ్చినాం" అని చెప్పుకుంది. మర్నాటి నుంచి గడప వదిలి, మునుపటిలా ఇరుగుపొరుగుతో మాటలకు పోవడం మొదలుపెట్టింది.

నాలో మాత్రం ఏ మార్పూ రాలేదు. వచ్చిందని రాయగలిగితే బాగుండేది. అమ్మ నన్ను మళ్లీ ఏడవమని అడగలేదు. మరుసటి కార్తీకానికి, "పుట్టి ఎక్కుదామా మా?" అని నేనే అడిగాను.

"కాళ్లు రావప్పా. నువ్వు పోయిరా" అంది.

నేను పోలేదు.