షట్‌డౌన్ దాకా ఆగిన గుండె

ఆపరేషన్ వాయిదా వేసుకున్నది అతనేనని వాళ్లింట్లో అందరూ అనుకుంటుంటే, నేను ఏళ్లపాటు నోరు విప్పలేదు. వాయిదా వేయించింది నేను.

తొంభైల చివర్లో అతనూ నేనూ స్టీల్ ప్లాంటులో ఒకే పంప్ హౌస్‌లో పనిచేసేవాళ్లం. షిఫ్టు బాధ్యత నాది. అతని ఊరు పద్మనాభం దగ్గర ఒక పల్లె. కూర్మన్నపాలెంలో మా పక్క వాటాలో ఉండేవాడు. చుట్టరికం లేకపోయినా బావా అని పిలుచుకునేవాళ్లం. మా పంపులు ఫర్నేసుకు చల్లటి నీళ్లు పంపేవి. అవి అక్కడ వేడెక్కి, కూలింగ్ టవర్‌లో చల్లారి, మళ్లీ పంపుల దగ్గరికే చేరేవి. ముందుకు వెళ్లిన నీళ్లు వెనక్కి రాకుండా ఒక వాల్వ్ ఉంటుంది. అది సరిగ్గా మూసుకోకపోతే 'పాసవుతోంది' అంటాం. కొద్దిగా పాసయితే ఎవరూ కంగారుపడరు. ఏడాదికోసారి మరమ్మతులకు ప్లాంటు ఆపే షట్‌డౌన్ దాకా అలాగే నడిపించేస్తాం.

ఒక వేసవిలో అతను టవర్ మెట్ల మధ్యలో కూర్చుండిపోవడం మొదలుపెట్టాడు. పొట్ట తగ్గించమని ఆటపట్టించాం. పడుకుంటే ఊపిరాడటం లేదన్నాక డాక్టరు దగ్గరికి పంపాను. డాక్టరు గీసి చూపించిన బొమ్మను అతను చాక్‌పీసుతో మా పంప్ హౌస్ నేల మీద గీశాడు. ఒళ్లంతా తిరిగిన రక్తం గుండె కుడివైపుకు వస్తుంది. అక్కణ్నుంచి ఊపిరితిత్తులకు వెళ్లి, గాలి నింపుకుని, ఎడమవైపుకు చేరుతుంది. ఎడమవైపు దాన్ని మళ్లీ ఒళ్లంతటికీ తోస్తుంది. అతనికి ఆ ఎడమవైపు వాల్వ్ మూసుకోవడం లేదు. తోసిన రక్తంలో కొంత ఊపిరితిత్తుల వైపే తన్నుకొస్తోంది. ఆయాసం అందుకే.

"మన మూడో నెంబరు పంపులాగే నాదీ పాసవుతంది బావా," అన్నాడు. వెంటనే ఆపరేషన్ చేయించుకోమన్నారని సెలవు అడిగాడు.

షట్‌డౌన్ దగ్గరపడింది. ఆ పైపుల సంగతి అతనికి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. "మూడో నెంబర్ని నడిపిత్తన్నాం కదేటి? నువ్వూ షట్‌డౌన్ దాకా నడు," అన్నాను.

అతను నవ్వాడు. "దానికి పక్కన ఇంకో పంపు స్టాండ్‌బైగా ఉంది. నాకేటుంది బావా?"

అయినా ఆగాడు. షట్‌డౌన్ అయ్యాకే చేయించుకుంటానని ఇంట్లో తన మాటగా చెప్పాడు.

పని ముగియకముందే పడిపోయాడు. వాల్వ్ మార్చారు, బతికాడు. కానీ గుండె అప్పటికే సాగిపోయిందని, పాత బలం రాదని చెప్పారు. మళ్లీ టవర్ ఎక్కలేదు. స్టోర్‌లో కూర్చునే పని ఇచ్చారు. "సెప్తే ఇనే మడిసి కాదన్నయ్యా," అని వాళ్లావిడ నా ఎదుటే దెప్పేది. అతను నా వైపు చూసేవాడు కాదు. టీ తాగమనేవాడు.

ఒక సాయంత్రం ఆమె అతని మాత్రలు తీస్తూ మళ్లీ అదే మాట అంది.

"బావది మొండితనం కాదు సెల్లీ. సెలవడిగితే ఆపింది నాను," అన్నాను.

ఆమె చెయ్యి ఆగిపోయింది. "ఇప్పుడెందుకు బావా అయ్యన్నీ," అన్నాడతను మెల్లగా.

"నీ గుండెని పంపులాగ సూసాను బావా. తప్పయిపోనాది. మీరిద్దరూ నన్ను సెమించాలి."