నా పేరు మీద కాలిన బోర్డు

మా ఆయనకు చేతిపని బాగా వచ్చు. ఆ మాట ముందే చెప్పేస్తున్నాను, లేకపోతే మొగుడి మీద కక్షతో రాస్తోందంటారు. కక్ష ఉన్నమాటా నిజమే, అది వేరే సంగతి. రాగి పట్టీ వంచాలన్నా, నట్టు బిగించాలన్నా ఆయన తర్వాతే ఎవరైనా. కానీ బోర్డు మీద ఏది ఎక్కడ ఉండాలో తేల్చమంటే మాత్రం చెమటలు పట్టేవి.

అరవైల మొదట్లో మా జగ్గయ్యపేట చుట్టుపక్కల ఆయిలింజన్లతో నడిచే మిల్లులు ఒకటొకటిగా కరెంటు మోటార్లకు మారుతున్నాయి. వాటికి బోర్డులు బిగించడమే మా ఆయన పని. పెద్ద మోటారుకు బోర్డంటే ఇంట్లో బల్బు స్విచ్చు కాదు. మెయిన్ స్విచ్చు, ఫ్యూజులు పెట్టే పింగాణీ కటౌట్లు, స్టార్టరు, కరెంటెంత పారుతోందో చూపించే మీటరు, వీటన్నిటినీ కలిపే రాగి పట్టీలు, ఇవన్నీ ఒక నల్లరాతి పలక మీద ఇమడాలి. పలకకు బెజ్జం తప్పు పడితే ఇక ఆ పలకే దండగ. ఈయన పాడుచేసిన మొదటి పలకలు మా పెరట్లో బట్టలుతికే బండలయ్యాయి. వాటి మీద బట్టలు బాదుతూనే నాకు ఒళ్ళు మండి, మళ్ళీ కొత్త పలక వచ్చిన రోజున అడ్డం పడ్డాను.

"ఏవండీ, రాయి జోలికి పోకముందు నేల మీద పెట్టి చూసుకోకూడదూ?" అన్నాను.

"నువ్వు చెప్పొచ్చావే!" అన్నాడు. అన్నాడేగానీ సామాన్లు నా ముందుకే తోశాడు.

అలికిన నేల మీద పలకంత చదరం గీసి, అసలు సామాన్లనే అందులో పేర్చాను. వాటి మధ్య రాగి పట్టీలు పోయే దారులు ముగ్గుపిండితో పోశాను. మా ఊళ్ళో సున్నపురాయికి కొదవేముంది, పిండికీ కొదవ లేదు. నచ్చకపోతే తుడిచి మళ్ళీ పోయడమే. ఏది ఎక్కడ ఉండకూడదో ఆయన పనిచేస్తూ విసుక్కునే మాటల్లోంచే ఏరుకున్నాను. ఎక్కువ కరెంటు పారే దారి పొట్టిగా, వెడల్పుగా ఉండాలి. మధ్యలో ఎక్కడా సన్నబడకూడదు. సంతరోజు బండ్లు పెద్దరోడ్డు మీద సాఫీగానే వస్తాయి, సందు మొగలోకొచ్చి ఇరుక్కుంటాయి. తిట్లూ కొట్లాటలూ అక్కడే. కరెంటయితే అక్కడ వేడెక్కుతుంది. కటౌట్లు కూడా వేడెక్కేవే, అందుకని వాటిని అన్నిటికంటే పైన పెట్టాలి. కింద పెడితే ఆ సెగ పైనున్న మీటరు వైర్లకు తగులుతుంది. స్పానరు తిరగడానికి చోటు వదలాలి. ఇంతే. బ్రహ్మవిద్యేం కాదు, కానీ కంటికి కనపడాలి. నాకు కనపడేది, ఆయనకు కనపడేది కాదు.

ఆ బోర్డు చక్కగా కుదిరింది. తర్వాతవన్నీ నేనే గీశాను. నేల మీద నా ముగ్గు చూసి ఆయన రాయికి బెజ్జాలు వేసేవాడు.

మేం చర్చికి వెళ్ళేవాళ్ళం. మా పేటలో ఏ ఇంట్లోనూ ముగ్గన్నది ఉండేది కాదు. మా ఇంట్లో రోజూ ముగ్గేనని ఎవరో చర్చికి చేరేశారు. మా చర్చి అయ్యగారు స్వయంగా వచ్చి గుమ్మంలో నిలబడి, "ఏవమ్మా, ఏంటిది?" అన్నారు. నేను నోరు తెరిచేలోపే మా ఆయన, "చిన్నప్పటి సరదా అండి, మానిపిస్తా" అన్నాడు. ఆ ముగ్గుతోనే మా పొయ్యి వెలుగుతోందని ఒక్క ముక్క అనలేదు. పాపం, అయ్యగారు నా కోసం ప్రార్థన చేసి మరీ వెళ్ళారు. నేను కళ్ళు మూసుకోలేదు, మా ఆయన్నే చూస్తూ ఉన్నాను.

ఎక్కడ బోర్డు బిగించినా "ఎంత పొందిగ్గా ఉందోయ్, ఎవరేశారీ ప్లాను?" అని అడిగేవాళ్ళట. "నేనేనండి" అనేవాడట. ఆ సంగతి మళ్ళీ నాకే మురిసిపోతూ చెప్పేవాడు! నా పేరు రాతి మీద చెక్కించమని నేనడగలేదు. ఎవరైనా అడిగినప్పుడు "మా ఆవిడ గీసిందండి" అని ఒక్కసారి అంటే చాలనుకున్నాను. ఆశ అంటూ ఉంటే నాకదొక్కటే ఉండేది. ఓ రోజు ఉండబట్టలేక అడిగేశాను.

"అంటాలేవే. నందిగామ నూనె మిల్లు బోర్డు రానీ. అన్నిట్లోకీ పెద్దది. మిల్లు ఆసామి ముందే చెప్తా, సరేనా?" అన్నాడు.

ఆ బోర్డును నేను ఎంత ముచ్చటపడి గీశానో నాకే తెలుసు. అన్నం కూడా పక్క గదిలో వడ్డించాను, నేల మీది ముగ్గు చెదురుతుందని. తీరా ఈయన నందిగామ వెళ్ళి ఆసామితో మాట్లాడి వచ్చి, మీటరు నడిమధ్యకు రావాలన్నాడు. మిల్లుకొచ్చిన వాళ్ళందరికీ ముల్లు ఊగుతూ కనపడాలని ఆసామి కోరికట.

"నడిమధ్యన పెద్ద పట్టీ పోతోంది గదండీ."

"పట్టీ వెడల్పు సగానికి కోసి మీటరు వెనకనుంచి తిప్పుతా. కటౌట్లు కిందికి దించుతా."

"కోస్తే అక్కడ సన్నమవుద్ది. పైగా కటౌట్ల సెగంతా మీటరుకే. మీరు రోజూ తిట్టుకునేవి ఇవే గదా!"

"నీ ముగ్గు కోసం వచ్చిన పని పోగొట్టుకోమంటావా?" అని, నా గీతల మీదే నడుచుకుంటూ వెళ్ళి పలక తెచ్చాడు. ఆ కాళ్ళ గుర్తులు అలాగే ఉంచాను. మర్నాడు కూడా తుడవలేదు.

బోర్డు బిగించి వచ్చిన రోజున "చెప్పారా?" అని అడిగాను. "జనం ఉన్నారే, కుదర్లేదు" అన్నాడు.

కొత్త వేరుశెనక్కాయ వచ్చి మిల్లు పొద్దస్తమానం ఆడటం మొదలుపెట్టింది. సన్నబడ్డ చోట పట్టీ వేడెక్కి వేడెక్కి నట్టు వదులైంది. మీటరు వైర్ల రబ్బరు కరిగి అంటుకుంది. మనుషులకేం కాలేదు, అంతవరకు దేవుడి దయ. బోర్డు మాత్రం మసిబొగ్గయింది.

ఆసామి జీపేసుకుని మా ఇంటికే వచ్చాడు. కాలిన పట్టీ తెచ్చి వాకిట్లో విసిరేసి, "ఏమయ్యా, నీ లైసెన్సు సంగతి తేల్చమంటావా? ఏం గీత గీశావయ్యా ఇది?" అని కేకలేశాడు. నేను తలుపు పక్కనే ఉన్నాను. సగానికి కోసిన చోటే పట్టీ నల్లబడింది, అక్కణ్ణుంచే కనపడుతోంది.

మా ఆయన చేతులు కట్టుకుని, "నేను గీయలేదండి. మా ఆడది గీసింది. ఏదో సరదా పడుతుంది గదా అని ఒప్పుకున్నా, బుద్ధి తక్కువై" అన్నాడు.

ఎన్నాళ్ళ నుంచో వినాలనుకున్న మాట. ఆసామి ముందే అన్నాడు, చెప్పినట్టే.

ఆసామి నన్ను ఎగాదిగా చూసి నవ్వాడు. "ఆడదాని చేత బోర్డు గీయించావటయ్యా! మరి తగలబడక ఏం చేస్తది?" అన్నాడు. కోపం దిగిపోయింది. కొత్త బోర్డు వేసిమ్మని చెప్పి జీపెక్కాడు. నేను బయటికి వచ్చి ఆ పట్టీ చూపించి ఉంటే ఈయన లైసెన్సు పోయేది, మాకు తిండి పోయేది. పళ్ళ బిగువున ఊరుకున్నాను. జీపు మలుపు తిరిగాక మాత్రం ఊరుకోలేదు.

"ఇన్నేళ్ళూ బాగా నడిచినప్పుడు గుర్తురాని పెళ్ళాం ఇవాళ గుర్తొచ్చిందా?"

"నాకు లైసెన్సు ఉందే. పోతే నాకు పోద్ది. నీకు పోవడానికేముంది?"

నిజంగానే అడిగాడు, వెక్కిరింపు కాదు. అదే ఇప్పటికీ మండుతుంది. ముగ్గుపిండి డబ్బా తీసుకెళ్ళి పెరట్లో కుమ్మరించేశాను. కొత్త బోర్డు ఆయనే తంటాలుపడి వేసుకున్నాడు. బట్టలుతికే బండ ఇంకోటి వచ్చింది.

కొన్నేళ్ళ తర్వాత కంచికచర్లలో ఓ పెళ్ళికి వెళ్ళాం. పక్కన కూర్చున్న నందిగామావిడ నన్ను పరకాయించి చూసి, "నూనె మిల్లు బోర్డు గీసి తగలబెట్టింది మీరేనటగా అండి?" అంది. బంతిలో నలుగురూ తలలు తిప్పారు. ఎదుటి వరసలో మా ఆయన ముద్ద కలుపుతున్న చెయ్యి ఆగింది. కాదని చెప్పడానికి నోటిదాకా వచ్చింది. ఆడుతున్న మిల్లుల్లో ఏ ఒక్కదానికీ నా పేరు లేదు, దీనికొక్కదానికే ఉంది.

"అవునండి," అన్నాను, "నేనే గీశా."