అంజన్న మామ పూసిన గులాల్

హోలీ దగ్గరపడిందంటే దిల్‌సుఖ్‌నగర్‌లో దుకాణాల ముందు గులాల్ కుప్పలు పోస్తారు. ఆ పొడి వాసన తగిలితే నేను ఇప్పటికీ రోడ్డు దాటి అవతలి వైపు నడుస్తాను.

నా చిన్నప్పుడు, బడంగ్‌పేట్ దాటాక ఉండే మా మున్సిపాలిటీలో నాయిన వార్డు కౌన్సిలరు ఎన్నికల్లో నిలబడ్డాడు. అప్పటికి ఆయన పార్టీదే అధికారం. అది నిలవాలంటే మా వార్డు గెలిచి తీరాలని పెద్దవాళ్లు అనుకునేవారు. పక్కింటి అంజన్న మామ ప్రచారమంతా నాయిన వెంటే తిరిగాడు, మా ఇంట్లోనే తిన్నాడు.

లెక్కింపు రోజు మధ్యాహ్నానికే నాయిన ఇంటికొచ్చి, మెడలో కండువా కూడా తీయకుండా గోడకు ఆనుకుని కూర్చున్నాడు. మా వార్డు పోయింది, దాంతో మున్సిపాలిటీ అవతలి పార్టీ చేతికి పోయింది. ఆ మాట నాకెవరూ చెప్పలేదు.

కాసేపటికి డప్పులు వచ్చి సరిగ్గా మా గేటు ముందే ఆగాయి. గెలిచినవాళ్లు ఓడినవాళ్ల ఇంటి ముందే ఎక్కువసేపు ఆడతారని నాకేం తెలుసు? ఉరికాను. గుంపులో అంజన్న మామ ఎగురుతున్నాడు. ఆయన ఉన్నాడంటే మనమే గెలిచామనుకుని ముఖం చాపాను. ఆయన ఒక్క క్షణం ఆగి, రెండు చెంపలకూ గులాల్ పూశాడు.

"నాయినా, మనం గెలిచినం," అన్నాను లోపలికొచ్చి.

"ఎవరు పూసిండ్రు బిడ్డా?"

"అంజన్న మామ."

నాయిన మెడలోని కండువా తీసి నీళ్లలో ముంచి, "కండ్లల్ల పడ్డదా?" అంటూ మెల్లగా తుడిచాడు.

ఓడిపోయిన సంగతి ఆయన తెలుసుకునే వచ్చాడు. అంజన్న మామ సంగతి మాత్రం నేను చెబితేనే తెలిసింది.