మునగని పడవల గవరయ్య

మా గవరయ్య రాసే సినిమా కథల్లో పడవ మునగదు. తుఫాను రావచ్చు, తెడ్డు విరగొచ్చు, హీరో మూడు రీళ్లపాటు ఉప్పునీళ్లు తాగొచ్చు. పడవ మాత్రం ఒడ్డుకు చేరి తీరాలి. ఒకసారైతే తిమింగలం తోసుకొచ్చింది!

పగలు మా దీవిలోని చాతం కలప మిల్లులో నాతోపాటు, అక్కడి ఏనుగుతోపాటు దుంగలు మోసేవాడు. సాయంత్రం జెట్టీ మీద, చేపల వేటకెళ్లిన మగాళ్ల కోసం ఎదురుచూసే ఆడవాళ్లకు ఆ కథలు చెప్పేవాడు. అవే కథలు ఓడెక్కి మద్రాసు వెళ్లేవి, అంతే ఓపికగా తిరిగొచ్చేవి. ఏళ్ల తరబడి ఇదే వరస. జుట్టు నెరిసింది, పెళ్లి సంబంధాలు రావడం మానేశాయి.

"ఒక్క పడవ ముంచరా బాబూ, నీ సొమ్మేం పోద్ది?" అనేవాణ్ణి.

"నీకు తెల్దు, ఊరుకో భయ్యా" అనేవాడు.

అరవై నాలుగు వానాకాలంలో, షూటింగుకు చోట్లు చూడ్డానికి మద్రాసు నుంచి గణేశ్వరరావు అనే నిర్మాత దిగాడు. కాళ్లావేళ్లా పడి జెట్టీకి లాక్కొచ్చాను. కథ విని ఆయన కళ్లు తుడుచుకున్నాడు.

"బ్రహ్మాండం! చివర్లో ఆ పడవ ముంచెయ్. రేపే నాతో ఓడెక్కు. మా కంపెనీలోనే ఉండి రాద్దువుగాని."

గవరయ్య పెదాలు తడుపుకున్నాడు. ఆడవాళ్ల వైపు చూశాడు.

"మునగదు సార్."

"పోనీ, సగం?"

"సగమైనా మునగదు సార్."

ఆయన గొడుగు తెరుచుకుని వెళ్లిపోయాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

"పాగల్ నాయాలా! ఇక చచ్చేదాకా దుంగలే మొయ్యి!"

గవరయ్య తల దించుకుని కూర్చున్నాడు. వాణ్ణి చూస్తే ఏడుపొచ్చింది. అప్పుడు నూకరత్నం లేచి వచ్చింది. ఆమె మొగుడు జోగులు ఎప్పుడో వేటకెళ్లాడు. పడవ చెక్కయినా దొరకలేదు.

"గవర భయ్యా, నిన్న కతలో మా ఆడ్ని తిమింగలం తెచ్చినాది. రేపు ఆడ్ని ఎవులు తెత్తారు?"

"రేపా? ఏనుగు దీదీ. మన మిల్లు ఏనుగే ఈదుకుంటా ఎల్లి తెత్తాది."

నూకరత్నం ఫక్కున నవ్వింది.

"బేగి తెచ్చెయ్యకు భయ్యా, నాలుగు దీవులు తిప్పు. ఆడు రాడని నాకు తెల్దేటి? బువ్వ ఏళ దాకా అలా వత్తా ఉంటే చాలు."

ఆ మాటకు నా కోపం ఎటు పోయిందో పోయింది. గవరయ్య పక్కనే తడి చెక్కల మీద చతికిలబడ్డాను.

"ఒరేయ్, ఏనుగు మాత్రం ఏకబిగిన ఎంత దూరమని ఈదుద్దిరా? మధ్యలో ఏదో దీవిలో ఆపి కాస్త అరటిబోదెలు పెట్టించు."