ఎల్లాజీ కుర్చీ

తెల్లారేసరికి ఎల్లాజీ ప్లాస్టిక్ కుర్చీ గుమ్మం ముందు, సముద్రానికి ఎదురుగా పడుతుంది. అందులో కూర్చుని కళ్లు సగం మూసి గాలి వాసన చూస్తాడు, వేలు తడిచేసి పైకెత్తుతాడు. నలభై ఏళ్లు సముద్రంలో చేపల వేటకెళ్లిన మనిషి కనుక జాలారిపేటలో చుట్టుపక్కల ఇళ్లవాళ్లకి వాతావరణం సంగతి అతను చెప్పిందే వేదం.

మొన్న పొద్దున్న అందరి ఫోన్లూ ఒక్కసారే కూతపెట్టాయి. అతి భారీ వర్షం, ఆకస్మిక వరద ముప్పు అని మెసేజ్. "ఏటి సేద్దాం మావా?" అని పక్కింటి దుర్గ అడిగింది.

"సముద్రం సల్లగున్నాది. ఏటీ అవదు. వలలు వాకిట్లో కిందే ఉండనీ," అన్నాడు.

మధ్యాహ్నానికి వాన దంచికొట్టింది. ఎల్లాజీ చూరు కింద కూర్చుని కెరటాలకేసే చూస్తున్నాడు. వెనక కొండ మీంచి దిగే గెడ్డ వాగు పొంగి పెరటి గుమ్మంలోంచి ఇంట్లో దూరింది. అన్నం తపేలా తేలుకుంటూ వచ్చి, అతని కాళ్ల పక్కనుంచి సముద్రం వైపు సాగిపోయింది. దాని వెనకే దుర్గ వాళ్ల వల.

"నీ సముద్రం ఎనకనుంచి వచ్చినాది, సూడు!" అని భార్య పోతమ్మ మోకాల్లోతు నీళ్లలోంచి అరిచింది.

మర్నాడు వాడంతా ఇసకలోంచి చిరిగిన వలలు లాక్కుంటోంది. గుమ్మం ముందు కుర్చీ లేదు. పెరట్లో, కొండకెదురుగా వేసుకుని, ఎల్లాజీ తడి వేలు పైకెత్తి చూస్తున్నాడు.