పెనాల్టీకి ముందు ప్రార్థన

కోవిల్‌పట్టిలో ఎక్కిన బస్సు సాత్తూరు దాటింది. పక్క సీటాయన ఫోన్‌ను చెవికి అదిమిపెట్టుకుని అరవం కలిసిన మా వైపు తెలుగులో గొణుగుతున్నాడు. మా ఊళ్లో ఆటంటే హాకీయే. ఆయన ప్రాణం మాత్రం అగ్గిపెట్టెల ఫ్యాక్టరీ పనివాళ్ల ఫుట్‌బాల్ క్లబ్బు మీద. విరుదునగర్‌లో మ్యాచ్ ముగియబోతోంది. ఒక గోలు వెనకబడి ఉండగా పెనాల్టీ దొరికిందట.

నా ఒడిలో బైబిలు చూశాడు. “అక్కా, జెబం సెయ్యి. ఈపొద్దు ఓడితే కిలబ్బు మూసేస్తారు.”

కళ్లు మూసుకుని, మా చర్చి సంఘంలో నేర్చుకున్నట్టే మొదలుపెట్టాను. “ప్రభువా, నీ చిత్తమే జరుగును గాక...”

“అది ఎట్టానూ జరుగుతాది. నువ్వు గోలు అడుగక్కా!”

ఆటలో గోలు కోసం దేవుణ్ణి అడగవచ్చా అని తడబడుతుండగానే ఫోన్‌లో కేకలు ఆగిపోయాయి. బంతి గోలు స్తంభానికి తగిలి బయటికి పోయిందట.

ఆయన ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. “ఆడిన పిల్లోళ్లు ఏడుస్తాంటారు, పోవాల” అంటూ విరుదునగర్ రాకముందే లేచి తలుపు దగ్గర నిలబడ్డాడు.

ఇప్పుడు సంఘం తరఫున ఆసుపత్రికి వెళ్లి రోగుల పక్కన మోకరించినప్పుడు ముందుగా “బతికించు ప్రభువా” అనే అడుగుతాను. నీ చిత్తమే అన్న మాట ఆ తరువాతే వస్తుంది.