అప్పాయమ్మ నిలబడే చోటు

ఫిషింగ్ హార్బర్‌లో అప్పాయమ్మ వాళ్ళ వరసలో కూర్చుని అమ్మే మనిషి దగ్గర బేరం తెగదు. సరుకు నిన్నటిదని కొనేవాళ్ళకు అనుమానం. తాజా సరుకు తెచ్చినావిడ చేపల గుట్ట వెనక నిలబడి కేక వేస్తుంది. అది ఎవరూ రాసిపెట్టని రూలు. అప్పాయమ్మ కాపురానికొచ్చిన నాటి నుంచీ ఆ రూలు తప్పలేదు. పడవలు చేరేవేళకు వెళ్ళి, ఎండ నెత్తికెక్కే దాకా తడి సిమెంటు మీద ఒక్కచోటే నిలబడేది. అత్తగారి నుంచి వచ్చిన చోటు అది. మొగుడు పోయాక కొడుకు ఎల్లాజీని పెంచిందీ, వాడికి పెళ్ళి చేసిందీ ఆ చోటే.

ఎల్లాజీ కడుపులో ఉన్నప్పుడే ఎడమ కాలి మీద నరాలు ఉబ్బడం మొదలైంది. ముందు పిక్క పక్కన పచ్చగా ఒక గీత కనిపించింది. పోనుపోను అవి వానపాముల్లా మెలికలు తిరిగి పాదం దాకా దిగాయి. సాయంత్రానికి కాలు బరువెక్కి, వేలితో నొక్కితే గుంట పడేది. అందరికీ ఉండేవే అనుకుంది అప్పాయమ్మ.

కోడలు సాయిదుర్గ అలా అనుకోలేదు. బీఎస్సీ చదివిన పిల్ల. కొడుకు చింటూ రెండుసార్లు తుమ్మితే థర్మామీటరు తీసే రకం. ఒకరోజు అత్త కాళ్ళ మీద నీళ్ళు పోస్తూ చీలమండ పైన చర్మం చూసింది. తుప్పు రంగులో, పల్చగా మెరుస్తూ ఉంది.

"ఇదెన్నాళ్ళ నుంచి అత్తా?"

"ఉప్పునీళ్ళకి దురదే. పసుపు రాత్తన్నాను."

"ఉప్పునీళ్ళయితే ఒక్క కాలికే వస్తాదేటి? నరాల్లో తలుపుల్లాంటివి ఉంటాయత్తా. పైకెళ్ళిన రక్తం కిందికి దిగకుండా మూసుకుంటాయి. నీకవి పాడైపోయాయి. డాక్టరుకి సూపిద్దాం."

"నా నరాల్లో తలుపులా! గొల్లెం కూడా ఉందేటే?" అని నవ్వి, అప్పాయమ్మ చీర కిందికి లాక్కుంది.

నవ్వింది గానీ లోపల భయం ఉంది. అది సూదులకూ మందులకూ కాదు. కిందటేడు గంగాలమ్మ మోకాళ్ళ నొప్పులని ఆసుపత్రికి వెళ్ళింది. కొన్నాళ్ళు నిలబడొద్దన్నారు. తిరిగొచ్చేసరికి ఆమె చోట్లో ఇంకెవరిదో గుట్ట ఉంది. వరసలో ఒక్కరూ నోరు విప్పలేదు, అప్పాయమ్మ కూడా. గంగాలమ్మ ఇప్పుడు అపార్టుమెంట్లలో గిన్నెలు తోముతోంది. అందుకే కోడలు అడిగినప్పుడల్లా, "వేట బందు పడ్డాక సూద్దాంలే" అనేది అప్పాయమ్మ. వేసవిలో పడవలు సముద్రంలోకి వెళ్ళకూడని ఆ రోజుల్లో ఎవరి చోటూ ఎవరూ తీసుకోరు.

బందుకింకా చాలా నెలలుండగానే ఒక పొద్దున, సరుకు అమ్ముడయ్యాక, కుళాయి దగ్గర అప్పాయమ్మ కాలికంటిన పొలుసు కొబ్బరి పీచుతో తోముకుంటోంది. నొప్పేమీ లేదు. మడమ మీద వెచ్చగా తగిలితే వంగి చూసింది. చీలమండ పైనుంచి రక్తం సన్నని ధారగా చిమ్ముతోంది.

"ఓలమ్మో! వదినకి ఏటో కరిసింది!" పక్క గుట్ట నూకాలు అరుస్తూ వచ్చింది. తోకలో విషపు ముల్లుండే టేకు చేప పొడిచినా, నీటిపాము కరిచినా పైన తాడు బిగించడం అక్కడి అలవాటు. నూకాలు వల కట్టే నైలాను తాడు తెచ్చి మోకాలి కింద బిగించింది. పడిపోకుండా అప్పాయమ్మను గోడకు ఆనించి నిలబెట్టింది. రక్తం ఆగలేదు సరికదా, ఇంకా ఎక్కువైంది. ఇంకో తాడు తెమ్మని నూకాలు కేకలు.

పడవ కడుగుతున్న ఎల్లాజీ పరిగెత్తుకొచ్చాడు. ఏం చెయ్యాలో తోచక పెళ్ళానికి వీడియో కాల్ చేశాడు.

"తాడు ఇప్పీ! ముందు తాడు ఇప్పీ!" అంది సాయిదుర్గ. వెనక చింటూ ఏడుస్తున్నాడు.

"ఇప్పితే ఇంకా కారిపోద్దే!"

"పైకెల్లే దారి మూసేస్తే రక్తం ఎటెల్తాది? ఆ కన్నంలోంచే కదా! పడుకోబెట్టి కాలు గుండె కన్నా పైకెత్తు. శుభ్రమైన గుడ్డ పెట్టి గట్టిగా నొక్కు. మద్దిలో తీసి సూడకు!"

ఎల్లాజీ చాకుతో తాడు కోసి, తల్లిని నేల మీద పడుకోబెట్టి, కాలు చేపల ట్రేల మీదికెత్తాడు. నూకాలు ఉతికిన తువ్వాలు ఇచ్చింది. వాడు రెండు చేతులతో నొక్కిపట్టాడు. కాసేపటికి రక్తం నిలిచింది. పడవల జెండాల కింద వెల్లకిలా పడుకుని అప్పాయమ్మ అన్న మొదటి మాట, "రేపు నా చోట్లో ఎవులుంటార్రా?"

ఆటోలో కొడుకు ఒళ్ళో కాలు పెట్టుకుని ఆసుపత్రికి చేరింది. డాక్టరమ్మ కుట్టు వేసి, కట్టు కట్టి, స్కానింగ్ చేయించింది. సాయిదుర్గ కూడా చింటూని ఎత్తుకుని వచ్చేసింది.

"ఇక నిలబడొద్దంటారు. అంతేనా?" అని అప్పాయమ్మ అడిగేసింది.

"కదలకుండా నిలబడొద్దంటాను. నడవండి, ఎంతైనా నడవండి. అడుగేసినప్పుడల్లా మీ పిక్కే రక్తాన్ని పైకి తోస్తుంది." పాదంలో నాడి పట్టి చూసి, బిగుతు మేజోళ్ళు రాసిచ్చింది. గాయం మానాక, పొద్దున్నే మంచం దిగకముందే తొడుక్కోవాలట. పాడైన నరాన్ని లేజరుతో లోపల్నించి మూసేస్తే అదే రోజు ఇంటికి నడిచి వెళ్ళొచ్చట.

"బందులో వత్తాను."

"అప్పటిదాకా ఆగేది కాదమ్మా. ఒకసారి చిట్లిన చోట మళ్ళీ చిట్లుతుంది. నిద్రలో అయితే మీకు తెలియను కూడా తెలియదు."

సాయిదుర్గ ఇంకా ఏం చూసుకోవాలని అడిగింది. పుండు పడి మానకపోతే ఆలస్యం చేయొద్దంది డాక్టరమ్మ. ఒక కాలే ఉన్నట్టుండి వాచి, పిక్క వెచ్చగా నొప్పెడితే అదే రోజు రావాలి, మర్దనా చేయకూడదు. దాంతో ఆయాసమో గుండె నొప్పో వస్తే వెంటనే 108కి ఫోన్ చేయాలి.

"లేజరయితే ఎన్నాళ్ళు మానీయాల?" అని అడిగింది అప్పాయమ్మ.

"ఓ వారం చాలు."

"నాను బతుకంతా అనుకున్నాను," అంది అప్పాయమ్మ. అయినా గంగాలమ్మ గుర్తొచ్చింది. చోటు పోవడానికి వారమైనా చాలు. తెల్లారేదాకా ఆలోచించి, చేయించుకుంటానంది.

లేజరు అయిన వారానికి జెట్టీ మీదికొచ్చింది. తన చోట్లో గుట్ట ఉంది. నూకాలుది.

"అలా సూత్తావేటి వదినా? కాళీగా వదిలితే ఊరుకుంటారేటి? కాపలా కాసినాను," అని నూకాలు తన చేపల్ని అవతలికి లాగేసింది. గంగాలమ్మకు తామెవరూ ఇంతమాత్రం చేయలేదు.

గుట్ట పోసి, నల్ల మేజోళ్ళతో దాని ముందు అటూ ఇటూ నడుస్తూ కేక వేసింది. కొనేవాళ్ళు వింతగా చూశారు. బేరం కాస్త మందకొడిగానే ఉంది.

"పోలీసోడిలా గస్తీ ఏటి వదినా?"

"డాక్టరమ్మ ఆర్డరు."

నడుస్తుంటే ఇన్నాళ్ళూ చూడనివి కనిపించాయి. తడి సిమెంటు మీద వరసగా ఆడవాళ్ళ పాదాలు. నూకాలు ఒక పాదంతో రెండో కాలి చీలమండ రుద్దుకుంటోంది. అప్పాయమ్మ ఆగింది.

"నూకాలూ, నీ కాలు సూపించు."

"నాకేటీ నేదు. దురదంతే."

"నానూ అదే అన్నాను. సూపించు."

నూకాలు అటూ ఇటూ చూసి, చీర అంచు కొంచెం పైకెత్తింది.